నూనె చేతికి పెట్టిన వాచీ

నల్లపాడు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా మిరపకాయ చూడటం నా పని. రైతు తెచ్చిన టిక్కీని, అంటే కాయ నింపిన గోతాన్ని, విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. గింజ గలగలమంటే లోపలికి, లేకపోతే వెనక్కి. తడి కాయ ఒక్క టిక్కీ వెళ్లినా చుట్టుపక్కల టిక్కీలకు బూజు పడుతుంది. అందుకే రైతులకు నా మొహం నచ్చదు. నచ్చాలని నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన సీజన్లో యజమాని కూతురు పనంతా చేతిలోకి తీసుకుంది. ఒక హమాలీ ఎండకు కళ్లు తిరిగి పడిపోయాడని మాలో అయిదుగురికి చేతి వాచీలు కొనిచ్చి, తనూ ఒకటి పెట్టుకుంది. గుండె కొట్టుకోవడం, నిద్ర, నడక, వాటితో పాటు 'స్ట్రెస్' అని వందకు ఒక అంకె చూపిస్తాయి. అంకె పెరిగితే మనిషి ఒత్తిడిలో ఉన్నట్టట. ఆ అంకెలన్నీ ఆమె ఫోనుకు వెళ్లేవి. మంచి మనసుతోనే ఇచ్చింది, అది నేను కాదనను.

వారం తిరిగేసరికి మూటలు మోసేవాళ్లకు ముప్పై, ముప్పై అయిదు ఉంటే, కూర్చుని కాయ చూసే నాకు రోజూ ఎనభై దాటింది. ఒక ఉదయం ఆమె షెడ్డులోకి వచ్చి అందరి ముందూ నిలబడింది.

"బాబాయ్ గారూ, మీకు టెన్షన్ చాలా ఎక్కువగా ఉందండీ. రైతులతో గొడవలు కూడా అందుకేనేమో. ఈ సీజన్‌కి మీరు గేటు దగ్గర చీటీలు రాయండి. కాయ మన గుమస్తా చూస్తాడు."

"అది టెన్షన్ కాదు మేడం, పొగరు. దానికి వేరే వాచీ ఉంటుందేమో చూడండి," అన్నాడు ఒక హమాలీ.

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. తడి టిక్కీ వెనక్కి పంపితే అది గొడవ ఎలా అయిందో మాత్రం ఆరోజు ఎవరూ అడగలేదు.

గేటు దగ్గర వేపచెట్టు నీడ, బల్ల, చీటీల పుస్తకం. గుమస్తా పైపైన నాలుగు కాయలు ఏరి చూసి టిక్కీలు పంపేస్తుంటే నాకు అక్కడికే కనిపించేది. ఒళ్లంతా ఉడికిపోయేది. అలా ఉడికిపోతున్న ఒక మధ్యాహ్నం వాచీ చూసుకుంటే ఇరవై ఆరు. పక్కన 'ప్రశాంతం' అని. ఇరవై రెండేళ్ల పని లాక్కున్నందుకు నాకు కలిగిన బాధ దాని లెక్కలోకే రాలేదు. అది కూడా నాకు అవమానంగానే తోచింది.

అప్పుడే అనుమానం వచ్చింది. పనిలో ఎనభై ఏమిటి, పని పోయాక ఇరవై ఆరేమిటి? ఆ సాయంత్రం పెట్టెలో వచ్చిన కాగితం తీసి, చీమతలంత అక్షరాలు మా ఆవిడ చేత చదివించాను. వాచీ అడుగున ఉన్న పచ్చదీపం చర్మం మీద వెలుగు వేసి, నాడికీ నాడికీ మధ్య ఎడం చూసి ఒత్తిడిని అంచనా కడుతుందట. చర్మం శుభ్రంగా ఉండాలట. కదలిక, ఎండ, కాఫీ, ఏదైనా అంకెను మార్చవచ్చట. వైద్యానికి పనికిరాదట.

మా ఆవిడ కాగితం మడిచి నా కుడిచేతి వంక చూసింది. "నూనె పూసుకునే చేతికే పెట్టుకుంటివి కదయ్యా. జిడ్డు పట్టిన అద్దంలో మొహం కనపడుద్దా?"

కాయ చూసేముందు మంట పుట్టకుండా మోచేతి దాకా ఆముదం రాసుకుంటాం. ఆ నూనెకు కారం అంటుకుని వాచీ కింద ఎర్రటి ముద్దలా పేరుకునేది. అసలు కుడిచేతికి ఎందుకు పెట్టుకున్నానంటే, ఎవరైనా ఏదైనా ఇస్తే ఎడమచేత్తో అందుకోకూడదు. నేను కుడిచెయ్యి చాచాను, ఆమె ఆ చేతికే పట్టీ బిగించింది. యజమాని స్వయంగా పెట్టినదాన్ని మార్చడం బాగుండదని అలాగే ఉంచేశాను. మర్యాదకు పోయి తెచ్చుకున్న చిక్కు ఇది.

మర్నాడు ఆమెను షెడ్డుకు పిలిచాను. పొగరన్న హమాలీ దగ్గరే వాచీ అడిగి తీసుకుని, తుడిచి ఎడమచేతికి పెట్టుకున్నాను. కుడిచేతికి నూనె రాసుకుని నా వాచీ పెట్టుకున్నాను. అరగంట కాయ చూశాను. కుడిది ఎనభై ఒకటి, ఎడమది నలభై నాలుగు.

"మనిషి ఒకడే, గుండె ఒకటేనమ్మా," అన్నాను.

ఆమె రెండు చేతులూ పట్టుకుని చూసింది. "నలభై నాలుగు కూడా తక్కువేం కాదుగా బాబాయ్ గారూ."

"మీది ఎంతుందో చూసుకోండి."

ఘాటుకు దగ్గుతూ తన వాచీ చూసుకుంది. అరవై మూడు.

"అయితే మీరూ గేటు దగ్గరికి రండి మేడం, చీటీలు రాద్దురుగాని," అన్నాడు ఆ హమాలీయే. ఈసారి నవ్విన వాళ్లను నేను లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం ఆఫీసుకు పిలిచి తలుపు వేసి, రేపటి నుంచి కాయ మీరే చూడండి అంది.

"తీసేసింది అందరి ముందు కదమ్మా. ఇది కూడా అక్కడే చెప్పండి."

"అంత పట్టింపా?"

"అంతేనమ్మా."

మరో రెండు రోజులు గేటు దగ్గరే కూర్చున్నాను. ఇంట్లో తిట్లు తిన్నాను. మూడోరోజు దర్శి నుంచి లారీలు వచ్చాయి. ఆమె షెడ్డులోకి వచ్చి, "వాచీ చూసి నేను పొరబడ్డాను. కాయ బాబాయ్ గారే చూస్తారు. వాచీలు ఎవరిష్టం వాళ్లది," అంది. గొంతు తగ్గించి చెప్పలేదు.

ముందు లారీల పని ముగించాను. ఆ తర్వాత, గుమస్తా చూసిన పదకొండు రోజుల సరుకూ బయటికి తీయించమన్నాను. అంతా ఎందుకన్నారు. తీస్తేనే మళ్లీ కాయ చూడ్డానికి కూర్చుంటానన్నాను. పంతొమ్మిది టిక్కీల్లో కాయ మెత్తబడింది, మూడింటికి అప్పటికే బూజు. పట్టాలు పరిచి ఆవరణలో ఎండబోశాం. ఆమె ముక్కుకు చున్నీ కట్టుకుని, సాయంత్రం దాకా మాతోపాటే బూజు కాయలు ఏరింది. చేతులు మండుతున్నాయంటే నా ఆముదం సీసా ఆమె ముందు పెట్టాను.