మొదటి వేటకు వెళ్ళే పీట

మా మేస్త్రి పోయారు. ఆయన కోడలు ఫోను చేసి రెండు మాటల్లో కబురు చెప్పింది. ఆ సమయానికి నేను పరవాడలో మా కంపెనీ ఆఫీసులో కూర్చుని ఒక సర్టిఫికెట్టు మీద సంతకం పెడుతున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, సంతకం పూర్తి చేశాకే పెన్ను మూశాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఇది చదివేవాళ్ళు నన్ను ఆయన పేరు నిలబెట్టిన శిష్యురాలనుకునే ప్రమాదముంది. ఆయన పేరు చెడింది నా సంతకం వల్లే.

ఆయనది విశాఖ సముద్రపొడ్డున పెదజాలారిపేట. తండ్రి, అన్నలు అందరూ సముద్రం మీద బతికినవాళ్ళు. ఈయనొక్కడూ లేతు పని నేర్చుకుని ఒడ్డున ఉండిపోయారు. పారిశ్రామికవాడలో అప్పట్లో రేకుల షెడ్డులో నడిచే మా కంపెనీలో వించీలు చేసేవారు. వించి అంటే మరబోటు మీద వల లాగే యంత్రం. ఇనుప తాడు చుట్టుకునే డ్రమ్ము, అది వెనక్కి తిరగకుండా ఆపే బ్రేకు, కింద ఉక్కు బల్ల, అంతే. చూడ్డానికి మోటుగా ఉంటుంది గాని, నిండిన వల నీళ్ళలో వేలాడుతున్నప్పుడు బోటులోని మనుషుల చేతులూ కాళ్ళూ ఆ బ్రేకునే నమ్ముకుని ఉంటాయి.

తొంభైల మొదట్లో డిప్లొమా పట్టుకుని పెందుర్తి నుంచి రెండు బస్సులు మారి ఆ షెడ్డుకి వెళ్ళాను. నా ఉద్యోగం నాణ్యత పరీక్ష. షెడ్డు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడదాన్ని. మొదటిరోజే ఆయన ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు. దాని మొన తిరుగుతున్న బేరింగు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోమన్నారు.

"ఏటి ఇనబడతంది?"

"చప్పుడు, బాబాయ్."

"సప్పుడు అందరికీ ఇనబడతాది. మంచి సప్పుడో సెడ్డ సప్పుడో సెప్పడానికే నీకు జీతం."

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. బాగున్న పని మీద ఏ గుర్తూ పెట్టేవారు కాదు. బాగోలేని దాని మీద ఇంటూ కొట్టి పక్కన పెట్టేసేవారు, చేసినవాణ్ణి ఒక్క మాట కూడా అనకుండా. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేదని కుర్రాళ్ళు గొణుక్కునేవారు. మధ్యాహ్నం రంపపు పొట్టుతో చేతుల జిడ్డు రుద్దుకుని, ఎండుచేపల కూరతో అన్నం తినేవారు. వాసనకి నేను ముక్కు మూసుకుంటే, "మీ పెందుర్తోళ్ళకి కూరగాయలు తప్ప ఏటి తెల్సు" అని నవ్వేవారు.

బోటువాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. కొత్త వించి బిగించిన బోటు మొదటిసారి వేటకు వెళ్ళినప్పుడు దాన్ని చేసిన మనిషి కూడా వెళ్ళాలి. మేస్త్రి ఒక చిన్న పనసచెక్క పీట చంకన పెట్టుకుని బోటెక్కేవారు. వించి పక్కనే ఆ పీట వేసుకుని, వల దించి మళ్ళీ ఎత్తేదాకా కదలకుండా కూర్చునేవారు. తాడు తెగినా బ్రేకు జారినా ముందు తగిలేది ఆయనకే. ఆయన కూర్చోని వించిని ఆ రేవులో ఎవరూ నమ్మేవారు కాదు. నా పరీక్ష కాగితాలు వాళ్ళు చదివిన పాపాన పోలేదు.

రెండువేల సంవత్సరం దాటాక పద్ధతులు మారాయి. ఒక ఉదయం పోర్టు నుంచి మా షెడ్డుకి కంటెయినర్ వచ్చింది. తలుపులు తీస్తే లోపల వించీలు, చైనా నుంచి, మొత్తం తయారై ఉన్నాయి. పైన మా రంగు వెయ్యాలి, కింద మన స్టీలుప్లాంటు ఉక్కుతో బల్ల బిగించాలి, దాని మీద మా నేమ్‌ప్లేటు కొట్టాలి. 'మేడిన్ ఇండియా, విశాఖపట్నం' అని ఉండే ఇత్తడి రేకు అది. దేశంలో తయారైన సామాను కొంటేనే బోటువాళ్ళకి సబ్సిడీ. అందుకోసం ఒక సర్టిఫికెట్టు కావాలి. దాని మీద సంతకం నాది.

రేకు, రివిట్లు, సుత్తి బల్ల మీద పెట్టి మా యజమాని మేస్త్రిని పిలిచారు. ఆయన రేకుని ముట్టుకోలేదు.

"ఇది మనది కాదు బాబూ."

యజమాని తెలివైనవాడు, చదువుకున్నవాడు. అరవలేదు. "ఇన్నాళ్ళూ మీరు చేసింది మాత్రం మనదా మేస్త్రీ? డిజైను పాత నార్వే ట్రాలరు మీది చూసి గీసుకున్నాం. బేరింగులు జపానువి. లేతు మిషను రష్యాది. మరి అందులో మనదేముంది, చెప్పండి."

షెడ్డులో అందరం ఆయన జవాబు కోసం చూశాం. నాకైతే యజమాని మాటే సబబుగా తోచింది. ఇప్పటికీ కాగితం మీద ఆ లెక్కే నెగ్గుతుంది.

మేస్త్రి కాసేపు ఆ వించి డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. "ఇందులో ఇనుం కూడా మనదే అయ్యుంటాది బాబూ. మన పోర్టు కాణ్నించే కదా ఎర్రమన్ను ఓడల్లో ఎల్తంది. మన్ను ఎల్లింది, యంత్రమై ఎనక్కొచ్చింది. నాను దాని గురించి అనట్లేదు. నాను సేసింది ఇరిగితే నా గుమ్మం కాడికొచ్చి నన్ను తిడతారు. ఇది ఇరిగితే ఎవుడి గుమ్మం కాడికి ఎల్తారు? తిట్టడానికి మనిషి దొరికితేనే అది ఈ ఊరిది."

యజమాని నవ్వారు. పోనీ ఒకసారి లోపల విప్పి చూస్తానంటే ఒప్పుకోలేదు. విప్పితే చైనావాళ్ళ గ్యారంటీ పోతుందట. మేస్త్రి జేబులోని సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టి, పీట చంకన పెట్టుకుని బయటికి నడిచారు. కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. సుత్తి తీసుకుని రివిట్లు నేనే కొట్టాను. సర్టిఫికెట్టులో 'ఇక్కడ జరిగిన పనులు' అన్న గడిలో బిగింపు, రంగు, పరీక్ష అని రాశాను. బ్రేకు ఎవరు చేశారన్న గడి అందులో లేదు.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. బోటువాళ్ళకి ఈ సంగతి చెబితే ముందు బయటపడేది నా సంతకమేనని, మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నేనని ఏడ్చాను. చివరికి, "సెప్పన్లే, ఎల్లమ్మా" అన్నారు. నేను కళ్ళు తుడుచుకుని హాయిగా బస్సెక్కాను. ఆయన దగ్గర ఏం తీసుకుని వస్తున్నానో ఆరోజు నాకు తెలీదు.

నెల తిరక్కుండా ఆ వించీల్లో ఒకటి కొన్న బోటువాళ్ళు ఆయన ఇంటికి వచ్చారు. రేకు మీద ఊరి పేరు చూశారు. ఈ ఊళ్ళో వించి అంటే వాళ్ళకి మేస్త్రే. మొదటి వేటకు రమ్మన్నారు. రానంటే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి, నాకేమో మాటిచ్చేశారు. పీట పట్టుకుని వెళ్ళారు. ఆరోజు వించి బాగానే పనిచేసింది. మూడో వారం వల ఎత్తేటప్పుడు బ్రేకు జారి డ్రమ్ము వెనక్కి తిరిగింది. తాడు సర్దుతున్న బోటు డ్రైవరు కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

వాళ్ళు తిట్టడానికి వచ్చినరోజు నేను ఆయన ఇంట్లోనే ఉన్నాను. ప్రమాదం సంగతి తెలిసి, ఏం చెయ్యాలో తోచక వెళ్ళాను. కోడలు టీ ఇచ్చింది. గ్లాసు చేతిలో ఉండగానే వాకిట్లో కేకలు మొదలయ్యాయి.

"నిన్ను సూసే కదా బోటెక్కించినాం!" డ్రైవరు తల్లి గొంతు అది. "పీటేసుకుని కూకున్నావు కదా. నీ బ్రేకు నా కొడుకు సెయ్యి తినీసింది. వాడింక తాడెలా పడతాడు?"

"అవునమ్మా. నాదే తప్పు," అన్నారు మేస్త్రి. ఆవిడ పిడికెడు ఇసుక తీసి ఆయన మీద పోసింది. ఆయన తుడుచుకోలేదు. ఒక్కసారి కూడా తల తిప్పి నేనున్న గదివైపు చూడలేదు. తలుపుకీ నాకూ మధ్య నాలుగడుగుల దూరం. నేను లేవలేదు. ఆ పిరికితనానికి మరో పేరు పెట్టుకోవాలని ఇన్నేళ్ళూ వెతికాను, దొరకలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక లోపలికి వచ్చి, నా గ్లాసు వంక చూసి, "సల్లారిపోనాది, మరోటి పెట్టమంటానుండు" అన్నారు.

"ఎందుకు ఒప్పుకున్నావు బాబాయ్?"

"వైజాగని రాసుంది కదమ్మా. వైజాగులో ఎవుడో ఒకడు గుమ్మం కాడ నిలబడాల."

ఆ తర్వాత ఆయన్ని మొదటి వేటకు పిలిచినవాళ్ళు లేరు. ఇంటి పక్కనే చిన్న రిపేరు కొట్టు పెట్టుకుని డీజిలు పంపులు బాగుచేసుకున్నారు. పీట కొట్టు గోడకి మేకుకి వేలాడేది. మా కంపెనీ పరవాడకు మారి పెద్దదైంది, నేను మేనేజర్నయ్యాను. ఏడాదికోసారి పళ్ళు పట్టుకెళ్ళేదాన్ని. నన్ను ఆయన ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది.

ఆయన పోయిన పదకొండోరోజున వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఆ డ్రైవరు కనిపించాడు, మూడు వేళ్ళ చేత్తో విస్తళ్ళు తీస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆ వించి మేస్త్రి చేసింది కాదని, రేకు నేను కొట్టానని, సంతకం నాదని. చచ్చిపోయిన మనిషి వెనకాల నిజం చెప్పడం ఎంత సులువో అప్పుడు తెలిసింది.

అతను చేస్తున్న పని ఆపలేదు. "తెల్సమ్మా. ఆసుపత్రి నుంచొచ్చిన నెల్లోనే మెకానిక్కు దాన్ని ఇప్పినాడు. లోపల మేస్త్రి సెయ్యి కాదని సూడగానే తెలిసిపోనాది."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఆయన నాదే తప్పన్నాడు కదా. కాదని ఎల్తే ఇంకెవుల్ని తిట్టాల? మీ ఆఫీసు గేటుకాడ లోపలికే రానియ్యరు."

అతను విస్తళ్ళు పక్కన పెట్టి చేతులు కడుక్కుని కొట్టులోకి వెళ్ళాడు. గోడకున్న పీట తీసి, తువ్వాలుతో తుడిచి, తెచ్చి నా ముందు వేశాడు.

"మా బోటుకి కొత్త వించి ఎట్టినాం. మీ కంపెనీదే. సోమారం మొదటి ఏట. మేస్త్రి లేడు కదా. మీరొత్తారేటి?"

ఆడవాళ్ళని బోటెక్కించే అలవాటు వాళ్ళకి లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మేస్త్రి కూర్చుని కూర్చుని పీట నడుమ కొంచెం గుంటపడి ఉంది, అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. కోడలు వచ్చి, నిలబడే ఉన్నారేం, కూర్చోండమ్మా అంది. నేను కూర్చోలేదు. పీటకి ఇవతల నేను, అవతల అతను, అలాగే నిలబడి ఉన్నాం.