రాలుకాయ ఎవరిది

మా తోడల్లుడు పోయాడన్న కబురు మామిడి కోతల్లో ఉండగా వచ్చింది. బాపులపాడులో ఎవరిదో పెళ్లికి వెళ్లి, భోజనం చేసి, అరుగు మీద కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూనే పక్కకి ఒరిగిపోయాడట. కబురు తెచ్చినాయన కళ్లు తుడుచుకుంటూ, "అంత తేలిగ్గా పోవడం పుణ్యాత్ములకేనండీ" అన్నాడు. నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఆ వెంటనే, చావులో కూడా నాకంటే మంచివాడు అనిపించుకున్నాడే అని కుళ్లు పుట్టింది. ఆయన గురించి నేను రాస్తే ఇలాగే ఉంటుంది. చదివేవాళ్లు మన్నించాలి.

ఆయన మా మామగారి పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. మామగారికి కొడుకులు లేరు. నూజివీడు పక్కన ఆ ఊళ్లోనే మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి, చెరువు దిగువనున్న వరిపొలం ఆయనకీ, చెరువు గట్టును ఆనుకున్న రసాల తోట నాకూ ఇచ్చాడు. అప్పటినుంచీ ఊరికి ఆయన పెద్దల్లుడుగారు. నాకు మనవలు పుట్టినా నేను చిన్నల్లుణ్ణే.

అత్తగారింట్లో మొదటి కాఫీ ఆయనకే వెళ్లేది. పట్టెమంచం ఆయనదే. అవన్నీ పోనిద్దాం. రసం పండు పిసికి, తొడిమ దగ్గర కొరికి పీల్చేవాడా, తెల్లచొక్కా మీద ఒక్క చుక్క పడేది కాదు. నేను తింటే మోచేతి దాకా కారేది. తోట నాది, పండు నాది, "బావగార్ని చూసి నేర్చుకోండి" అని మా ఆవిడ సాధింపు ఒకటి.

అసలు సంగతి చెరువుది. మామిడిచెట్టుకి వానలు వెళ్లాక కొన్నాళ్లు దాహం వేయాలి. వేళ్ల కింద తడి ఉంటే పూత రాదు, చిగురు వేస్తుంది. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడు వానలు దండిగా పడ్డాయి. వరి రైతులు తూము మూసేసి, చెరువులో నీళ్లు నిలబెట్టి, రెండో పంటగా దాళ్వా వేశారు. ఆ ఊట మా తోటల్లోకి పాకింది. పుష్యమాసంలో నా చెట్లన్నీ లేత చిగుళ్లతో కళకళలాడాయి. మైలవరం నుంచి వచ్చిన చుట్టాలు "తోట ఎంత పచ్చగా ఉందండీ!" అని మురిసిపోయారు. పచ్చగానే ఉంది. మందుకైనా పిందె లేదు.

మరుసటేడు మళ్లీ చెరువు నిండింది. ఇంకో ఏడు కాపు పోతే తోట కొట్టేసి కలప అమ్ముకోవడం తప్ప నాకు దారి లేదు. తోటలవాళ్లందరం వెళ్లి మొత్తుకుంటే, ఇరిగేషన్ సూపర్‌వైజర్ వచ్చి చూసి, "ఈ చెరువు కింది వరిపొలాల కోసం తవ్విందండీ. రూలు ప్రకారం తోటలవాళ్లు అడగడానికే లేదు" అని తేల్చేశాడు. ఆ వరిపొలాల్లో పెద్ద కమతం మా తోడల్లుడిదే.

బడి ఆవరణలో ఊరు కూడింది. నేను చేతులు ఊపుకుంటూ చాలాసేపు మాట్లాడాను. ఆయన బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నాను. ఎవరు మాట్లాడినా ఆయన వినే పద్ధతి అదే. నేను ఆగాక కళ్లు తెరిచాడు.

"రూలు మాదే తమ్ముడూ. కాదనను. కానీ వరి ఈ ఏడు పోతే వచ్చే ఏడు వేసుకుంటాం. చెట్టు పోతే మళ్లీ ఎప్పటికి లేస్తుంది? కార్తీకం వెళ్లగానే తూము ఎత్తేద్దాం. నా దాళ్వా నేను మానుకుంటున్నా."

వరి రైతులు భగ్గుమన్నారు. "మీరు తట్టుకుంటారండీ, మా సంగతేంటి?" అన్నాడొకాయన.

"కోత కోసిన చేలో తడి ఉంటుంది కదా. మినుము చల్లుకుందాం. అన్నం కాకపోతే పప్పు."

వాళ్లు గొణుక్కుంటూనే సర్దుకున్నారు. అప్పుడు వెనక నుంచి కూలిపనికి వెళ్లే ముసలమ్మ ఒకామె లేచింది. "మినుముకి నాట్లుండవు గదండీ. మీరూ మీరూ బాగానే సర్దుకున్నారు. మేమేం తినాలి?"

మా తోడల్లుడు నావైపు తిరిగాడు.

"తమ్ముడూ, నీ తోటలో గాలికి రాలిన కాయ ఎవరిది?"

"తోట నాదైతే కాయ ఎవరిదవుతుందండీ? నాదే."

"ఇకనుంచి వాళ్లది చేద్దాం. కోసిన కాయ మీది, రాలిన కాయ వాళ్లది. ఒరుగులు ఎండబెట్టుకుంటారు, పచ్చళ్లకి అమ్ముకుంటారు. ఏమంటావు?"

ఏమంటాను? తూము తాళం ఆయన నోట్లో ఉంది. తల ఊపాను. నా వెనక తోటలవాళ్లంతా ఊపారు. అందరూ దణ్ణాలు పెట్టారు, ఆయనకి. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ చిన్నల్లుడి సొమ్ము పెద్దల్లుడు దానం చేశాడు.

ఇంటికి నడుస్తూ ఉండబట్టలేక అడిగాను, "ఇందులో మీకేంటి లాభం అన్నయ్యా?"

"అందరూ కొంచెం కొంచెం ఏడిస్తేనే పంపకం కుదిరినట్టు. ఒకడే నవ్వాడంటే ఎక్కడో తప్పు చేశామన్నమాటే."

"మరి మీరేం ఏడ్చారు?"

"దాళ్వా లేదని తెలిస్తే మీ వదిన నాతో ఎన్నాళ్లు మాట్లాడదో చూడు" అని పకపకా నవ్వాడు.

ఆ ఏడు నా తోట ఆకు కనబడకుండా పూసింది. పూత చూసి మురవాలో, అది ఆయన పెట్టిన భిక్ష అని ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. మేలు చేసినవాణ్ణి ప్రేమించడం తేలికంటారు, వట్టి మాట. ఆయన ఒక్కసారైనా "నా వల్లే కదా" అని దెప్పి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

దినకార్యం నాడు పెద్దలు నా దగ్గరికొచ్చి, "ఇక చెరువు సంగతి మీరే చూడాలండీ" అన్నారు. ఆ మాట కోసం నేను ఎంతకాలంగా ఎదురుచూశానో నాకే తెలుసు. సరేనన్నాను. అన్నాక సంతోషం రాలేదు, దుఃఖం వచ్చింది. కుళ్లుకోవడానికైనా తగిన మనిషి ఉండాలి కదా. వాళ్లు లేచి వెళుతూ వెళుతూ మా వదిన దగ్గర ఆగి, "ఆయనైతే ఏమనేవారమ్మా?" అని అడగడం నా చెవిన పడింది.

మర్నాడు సాయంత్రం ఈదురుగాలి కొట్టింది. తోటకి వెళ్లేసరికి ఆడవాళ్లు బుట్టలతో చెట్ల కింద ఉన్నారు. ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె నన్ను చూసి చేతిలో కాయ కింద పెట్టేసింది. ఆనాడు లేచి అడిగిన ముసలమ్మ నేను వింటుండగానే, "తియ్యవే, భయమేంటి? ఇవి పెద్దల్లుడుగారి కాయలు" అంది.

చెట్టు నాది, నేల నాది. ఇంకో గాలి విసురు వచ్చి, నా కాలి పక్కనే ఒక కాయ పడింది. ఆ పిల్ల వంగబోయి, నేనున్నానని ఆగింది. నేను పక్కకి జరిగాను.