రూఫస్ కత్తిరించని ముఖం

ముత్తుకూరులో వీడియో రూఫస్ అంటే తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్ల కిందట సినిమా హాల్లో ఆపరేటరుగా చేరి, హాలు మూతపడ్డాక కెమెరా భుజానికెత్తుకున్నాడు. పెళ్లయినా, బాప్తిస్మమైనా, భూస్థాపనైనా, పోలేరమ్మ కొలుపైనా ఆయనే తీయాలి. పనిలో ఆయనకొక నియమం ఉంది. వీడియోలో పడ్డ ముఖాన్ని కత్తిరించడు. తొలిరోజుల్లో ఒక పెళ్లి క్యాసెట్టులో పొరపాటున పెళ్లికొడుకు పెదనాన్నను తీసేశాడు. ఆ పెద్దమనిషి ఆరు నెలలపాటు ఎదురుపడినప్పుడల్లా నేను పోయాననుకున్నావా అని నిలదీశాడు. అప్పటినుంచి చేతులు కడుక్కునేవాళ్లను, చెప్పులు వెతుక్కునేవాళ్లను కూడా ఉంచేస్తున్నాడు. రూఫస్ తీసిన పెళ్లి చూడాలంటే ఆఫీసుకు సెలవు పెట్టాలని ఊళ్లో వేళాకోళం.

హాల్లో పనిచేసే రోజుల్లో ఒకరకం సినిమాలంటే ఆయనకు ఒళ్లు మంట. నాలుగు ఊళ్లలో నలుగురు మనుషులు, ఒకరికొకరు ఏమీ కారు. ఆఖరికి అందరూ ఒకే ఆసుపత్రిలోనో ఒకే బస్సులోనో తగులుకుంటారు. డైరెక్టరు బలవంతాన ముడి వేశాడని ఇంటికొచ్చి విసుక్కునేవాడు. భార్య డెబోరాకు అవే ఇష్టం. "మనకీ అట్నే జరుగుతా ఉంటాది. అన్నీ ఒక్కచోట నిలబడి చూసేవోళ్లు లేరు, అంతే" అనేది.

పన్నెండేళ్ల కిందట, ముప్పయ్యారేళ్ల వయసులో, బట్టలు ఆరేస్తూ డెబోరా గుండె పట్టుకుని కూలబడింది. నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. అక్కడొక అమ్మాయి వచ్చి, కళ్లు ఇస్తే ఎవరికైనా చూపు వస్తుందని మెల్లగా చెప్పింది. రూఫస్ ఎవరినీ అడగకుండా సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకూ తెలియదు. ఆ క్షణాన ఎవరేమడిగినా పెట్టేవాడేమో.

అత్త మగ్దలీనమ్మకు ఆ సంగతి సమాధి దగ్గర తెలిసింది. కొడవలూరులో పొలం చేసుకుంటూ, వారం తప్పకుండా గుడికి వెళ్లే మనిషి. కడబూర మోగిన రోజున సమాధుల్లోంచి అందరూ లేచి నిలబడితే తన బిడ్డ ఒక్కతే గుడ్డిదిగా తడుముకుంటుందని ఆమె నమ్మకం. ప్రభువు కొత్త దేహం ఇస్తాడమ్మా అని పాస్టరుగారు ఎంతో నచ్చజెప్పారు. ఇచ్చేదాకా నా బిడ్డ ఏ కళ్లతో చూస్తుందని అడిగింది.  ఆ రోజునుంచి అల్లుడితో మాట లేదు, ఆ గడప తొక్కలేదు. మనవరాలు అబిగయీలు బాప్తిస్మానికి రాలేదు, పెళ్లి ఖాయం చేసుకున్న ప్రధానానికీ రాలేదు.

ఇప్పుడు అబిగయీలు పెళ్లి. తల్లి లేని పిల్ల, గుడిలోకి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నడవాలన్న ఒక్క కోరిక పెట్టుకుంది. శుభలేఖ పట్టుకుని కొడవలూరు వెళ్లింది. మగ్దలీనమ్మ పిల్లను ముద్దు పెట్టుకుంది, శుభలేఖ తీసుకుంది. "మీ అమ్మ చూడని పెళ్లి నేను చూడను తల్లీ" అంది. పిల్ల ఏడుస్తూ తిరిగొచ్చింది. ఆ ఏడుపు వింటూ ఉంటే రూఫస్‌కు పన్నెండేళ్లనాటి ఆ సంతకాన్ని చెరిపేయాలనిపించింది.

చేయగలిగింది ఒకటే కనిపించింది. పెళ్లివిందులో తెరమీద వేయడానికి పిల్ల చిన్నప్పటినుంచి ఉన్న వీడియోలన్నీ కలిపి ఒక సినిమా చేద్దామనుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఎండకు తన వీడియో కొట్టు షట్టరు సగం దించి కూర్చున్నాడు.

డెబోరా పోయిన ఏడాదికి జరిపిన ఆదరణ కూడికలో, పందిరి చివర, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఎండకు కమిలిన నల్లటి ముఖం, కుడి కనుబొమ్మ మీద తెల్లటి మచ్చ. రూఫస్ పట్టించుకోలేదు. బాప్తిస్మం వీడియోలో తొట్టి వెనకాల గోడవారన అదే మనిషి. మైపాడు బీచిలో సంఘం పిల్లల పిక్నిక్‌లో, సరుగుడు చెట్ల కింద మళ్లీ అతనే. మొన్న జరిగిన ప్రధానంలో పెళ్లికొడుకు చుట్టాల వెనక కూడా నిలబడి ఉన్నాడు. పదకొండేళ్లు గడిచినా ముఖంలో మార్పు లేదు. కెమెరా తమ వైపు తిరిగితే ఎంత పెద్దమనుషులైనా ఒక్కసారి అటు చూస్తారు, ఇన్నేళ్లుగా రూఫస్ ఎరిగిన సంగతి అది. ఈ మనిషి ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు. అన్నిట్లోనూ అబిగయీలునే చూస్తున్నాడు.

రూఫస్‌కు భయం వేసింది. ఆడపిల్ల తండ్రికి ముందు తోచేది అదే కదా. వీడియోలోంచి ఫొటో తీసుకుని సంఘంలో అందరినీ, పెళ్లికొడుకు ఇంటివాళ్లనూ అడిగాడు. పెళ్లికొడుకు తరఫు మనిషని వీళ్లనుకున్నారు, పెళ్లికూతురు తరఫని వాళ్లనుకున్నారు. గుడికి వచ్చినవాణ్ణి నువ్వెవరని అడిగే అలవాటు వాళ్లలో లేదు. వచ్చిన ప్రతివాడికీ విస్తరి వేస్తారు. అయితే ఆ మనిషికి అన్నం వడ్డించినట్టు ఒక్కరికీ గుర్తులేదు.

వారం తిరక్కముందే కృష్ణపట్నం అవతల పల్లెలో పోలేరమ్మ కొలుపు తీయడానికి పిలుపొచ్చింది. పట్టపగలు, డప్పుల మోతలో, జనం మీదుగా కెమెరా తిప్పుతుంటే ఆ ముఖం తెరనిండా వచ్చింది. అదే మచ్చ. జుట్టు మాత్రం నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి. రూఫస్ కెమెరాను పక్కవాడి చేతిలో పెట్టేసి వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

పేరు మాల్యాద్రి, సముద్రం మీద వేటకు వెళ్తాడు. రూఫస్ ఫోనులోని వీడియోలు వరసగా చూపించి, నా బిడ్డ వెనక ఎందుకు తిరుగుతున్నావని అడిగాడు. మాల్యాద్రి మొదటిది చూశాడు, రెండోది చూశాడు. మూడోదానికి ఇసుకలో చతికిలబడ్డాడు.

"ఈడ నిలబడుండేది నేనే అన్నా. కానీ నేను పోలా. మీ గుడి యాడుందో గూడా నాకు తెల్దు" అన్నాడు.

భార్య స్వర్ణ అమ్మవారి మీద ప్రమాణం చేసి అదే మాట చెప్పింది. ఆ ప్రధానం రోజున తన మొగుడు వేటలో ఉన్నాడని, ఆ పడవలో వెళ్లిన నలుగురినీ పిలిచి చెప్పించింది. మరి ఆ పిల్లను ఎప్పుడూ చూడలేదా అని రూఫస్ అడిగాడు. మాల్యాద్రి ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"చూసినా. వల లాగుతా ఉంటే ఉన్నట్టుండి వస్తాది. ఎడమ కంట్లో సముద్రం, కుడి కంట్లో ఆ పిల్ల. నీళ్లలోంచి లేస్తా ఉండాది, తెల్లగౌను, తల తడిసిపోయి. గోడ పక్కన నిలబడి చూస్తన్నట్టు ఉంటాది."

గోడ పక్క. బాప్తిస్మం వీడియోలో ఆ మనిషి నిలబడ్డ చోటు అదే. ఆ కుడికన్నుకు ఏమైందని రూఫస్ అడిగాడు.  చేప ముల్లు గుచ్చుకుని కుడికన్ను మీద పువ్వు పడి చూపు పోతే, పన్నెండేళ్ల కిందట నెల్లూరులో చనిపోయినవాళ్లెవరిదో కంటిపొర తీసి వేశారట. ఎవరిదని అడిగితే ఆసుపత్రిలో చెప్పలేదట. ఆపరేషను ఏ రోజు జరిగిందో స్వర్ణ ఇంటికి వెళ్లి చీటీ తెచ్చింది. డెబోరా పోయిన మర్నాడు.

ముడి వేయడానికి ఇక్కడ డైరెక్టరెవడూ లేడు. రూఫస్ ఆ ఇసుకలోనే కూర్చుండిపోయాడు. దయ్యమంటే నమ్మని మనిషి, ఆ పూట నమ్మినా బాగుండుననుకున్నాడు. దయ్యమైతే ప్రార్థన చేసి పంపొచ్చు.

ఆదివారం ఆరాధన కాగానే మాల్యాద్రిని బండి మీద ఎక్కించుకుని కొడవలూరు వెళ్లాడు. మగ్దలీనమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. అల్లుణ్ణి చూసి ముఖం తిప్పుకుంది. రూఫస్ గుమ్మం బయటే నిలబడి, గోడతో చెప్పినట్టు సంగతంతా చెప్పాడు. చేట మీద ఆమె చేతులు ఆగిపోయాయి.

లేచి వచ్చి మాల్యాద్రి గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. అరచేత్తో అతని ఎడమకన్ను మూసింది. మిగిలిన ఆ ఒక్క కంట్లోకి చాలాసేపు చూసింది. మాల్యాద్రి కదల్లేదు.

"డెబోరా, పిల్లని చూసినావా?" అంది.

"చూస్తా ఉండా అమ్మా" అన్నాడతను. ఆ గొంతు అతనిదే, రూఫస్ చెవులారా విన్నాడు. "అద్దం ముందర నిలబడుండాది. తెల్లచీర. భుజం కాడ వదులుగా ఉండాదని సూది గుచ్చతా ఉండారు."

 అబిగయీలు ఆరాధన నుంచి నేరుగా పెళ్లిచీర, జాకెట్టు సరిచూసుకోవడానికి టైలరు దగ్గరకు వెళ్లింది. ఆ సంగతి తనకు తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు.

మగ్దలీనమ్మ చెయ్యి తీసింది. కొంగుతో మాల్యాద్రి ముఖం తుడిచి, లోపలికొచ్చి అన్నం తినమంది. తర్వాత పన్నెండేళ్లుగా చూడని వైపు తిరిగింది.

"పెళ్లికి ఎన్నింటికి రావాల, రూఫసూ?"