జాలరిపేట ఐసు

జాలరిపేటలో ఐసు అంటే మా చిన్నాన్న వరహాలే. ఇరవై ఆరేళ్లుగా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు తీసి వేట పడవలకూ, చేపలమ్మే ఆడవాళ్లకూ అందించాడు.

నిరుడు యజమాని కొడుకు ఉదయ్‌కుమార్ సగం షెడ్డు ఖాళీ చేయించి, డిజిటల్ నాణేలు పుట్టించే మిషన్లు పెట్టించాడు.

"బ్యాంకుకైతే నోట్లకి కాగితం, బళ్లకి డీజిలు, బ్రాంచికో ఏసీ కావాలి. దీనికి ఆకు కూడా తెగదు బాబాయ్. మీ ఐసుకి ఏ లోటూ రాదు," అన్నాడు.

చిన్నాన్న నమ్మాడు. గొడవకొచ్చిన పేటవాళ్లకి అదే మాటిచ్చి పంపాడు.

ఆ మిషన్లు ఒక్క నిమిషం కూడా ఆగవు. కరెంటు మీటరు ఐసు ఒక్కటే తీసిన రోజులకన్నా మూడింతలు తిరిగింది. మే నెల ఎండల్లో మిషన్లను చల్లబరిచే తొట్టిలో నీళ్లు కాగిపోయాయి.

"వరహాలూ, దిమ్మలన్నీ తొట్టిలో వెయ్యి," అన్నాడు ఉదయ్‌కుమార్. ఈసారి బాబాయ్ అనలేదు.

అప్పుడే మా పిన్ని గౌరీశ్వరి చేపల బుట్టతో వచ్చింది.

"ఐసేదీ మావా?"

"ఇయ్యాల నేదే. మిషన్లకి కావాలట."

"నాను పెళ్లై వచ్చిన కాణ్నుంచీ ఆ రోడ్డు మీద బ్యాంకుంది. ఏనాడైనా నా సేపల ఐసు అడిగిందేటి?"

చిన్నాన్న యజమాని కొడుకు వైపు చూశాడు. అతను ఫోనులో నాణెం ధర చూసుకుంటున్నాడు.

ఆ సాయంత్రం పేట నిండా చేపలు కుళ్లాయి. ఉదయ్‌కుమార్‌ను ఎవరూ ఏమీ అనలేదు. మాటిచ్చింది చిన్నాన్న కదా, ఆ చేపలన్నీ తెచ్చి ఆయన గుమ్మం ముందే కుమ్మరించి పోయారు.