ఏ రాజధానికి టికెట్టు?

తెనాలి నుంచి అమరావతి వెళ్ళే బస్సులో నాగజ్యోతి తొమ్మిదేళ్ళుగా కండక్టరు. సొంతూరు దుగ్గిరాల. చరిత్రలో ఎమ్మే చదివింది. పాఠాలు చెప్పే ఉద్యోగం దొరకలేదు, ఇది దొరికింది. పెద్దగా దిగులు పడలేదు.

"రాజధానికి ఒకటి" అని ఎవరడిగినా ఆమె వెంటనే టికెట్టు కొట్టదు. గుమాస్తాలకు రాజధాని అంటే వెలగపూడి సచివాలయం. కోర్టు పనులున్నవాళ్ళకు నేలపాడు. భక్తులకు కృష్ణ ఒడ్డున అమరేశ్వరుడి గుడి. ముందు మనిషిని చూసి, ఆ తర్వాత ఊరి పేరు అడుగుతుంది.

మొన్న కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున కమలమ్మ ఎక్కింది. భట్టిప్రోలు మనిషి. డెబ్భై దగ్గర పడ్డాయి, నాట్లు వేసి వేసి నడుం వంగింది. ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు చూపించి, "రాజధాని దగ్గర దింపమ్మాయ్" అంది.

"ఎవరింటికి పెద్దమ్మా?"

"ఎవరింటికీ కాదు. అందరూ రాజధాని, రాజధాని అంటన్నారు. ఒకసారి చూసొద్దామని."

నాగజ్యోతి ఆమెను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. తుళ్ళూరు దారిలో క్రేన్లు, సగం లేచిన భవనాలు, మధ్యమధ్య పత్తిచేలు. రెండువేల ఏళ్ళ కిందట అమరావతి పక్కనే ధరణికోటలో శాతవాహనుల కాలంలో పెద్ద రాజధాని పట్నం ఉండేదని, సరుకు పడవల్లో సముద్రం దాకా వెళ్ళేదని, చాలాకాలానికి ఒక జమీందారు వచ్చి మళ్ళీ ఊరు కట్టించి తన రాజధాని చేసుకున్నాడని చెప్పింది.

"ఇన్నిసార్లు రాజధాని అయ్యి కూడా ఇంత చిన్న ఊరేంటమ్మాయ్?"

బస్సంతా నవ్వింది. వెనక సీట్లో ఉన్న కోటేశ్వరరావు అనే రైతు ముందుకు వంగాడు. "ఇప్పుడు మనం వెళ్తోంది రాజధానికిచ్చిన నా అరటితోట మీద నుంచే అక్కా. అదిగో, ఆ మలుపులో మా బోరు ఉండేది."

"బాధగా లేదా తమ్ముడూ?" అంది కమలమ్మ.

"ఎందుకుండదు? కానీ పదేళ్ళు ఎదురుచూశాంగా. ఇప్పుడు రోజూ వచ్చి రోడ్డు ఎంతవరకొచ్చిందో చూసుకుంటున్నా. గెల వేసిందా లేదా అని చూసుకున్నట్టే ఉంటది."

అమరావతిలో బస్సు నలభై నిమిషాలు ఆగుతుంది. నాగజ్యోతి కమలమ్మను స్తూపం దగ్గరికి తీసుకెళ్ళింది. కమలమ్మ ఇటుక మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిమిరింది.

"మా ఊరి దిబ్బలోనూ ఇట్టాంటి ఇటుకే. చిన్నప్పుడు దాని మీద గడ్డి పీకడానికి కూలికెళ్ళేదాన్ని."

"అదీ ఇలాంటి బౌద్ధ స్తూపమే, ఆ దిబ్బలో రాతి భరిణెలు దొరికాయి పెద్దమ్మా. వాటి మీద అక్షరాలు మన తెలుగు అక్షరాలకు అమ్మమ్మ వరస."

చదువు రాని కమలమ్మ పకపకా నవ్వింది. "అయితే నేను గడ్డి పీకింది అక్షరాల మీదన్నమాట."

తర్వాతి నెలలో ఆమె తమ చర్చి స్త్రీల సమాజం నుంచి పద్నాలుగు మందిని వెంటేసుకుని వచ్చింది. నాగజ్యోతి ఆరోజు సెలవు పెట్టి, టికెట్ల సంచి లేకుండా వాళ్ళతో తిరిగింది. మధ్యాహ్నం రేవు మెట్ల మీద పులిహోర తిని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఒకరు అడిగితే ఇంకొకరికి ప్రశ్న పుట్టింది. నాలుగింటి బస్సు వెళ్ళిపోయినా ఎవరూ కంగారుపడలేదు. అయిదున్నర బస్సులో పాటలు పాడుకుంటూ తెనాలి చేరారు.