లచ్చమ్మ అడిగిన ప్రశ్న

మాదాపూర్ రాళ్ల మధ్య మొదటి ఐటీ భవనాలు లేస్తున్న రోజులవి. నాకు నలభై మూడేళ్లు. ఒక సైటులో స్టోర్ కీపర్‌ని. చదివింది ఏడో తరగతే అయినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను.

ఓ ఆదివారం సాయంత్రం కూలీల గుడిసెల దగ్గర ఒక కెమిస్ట్రీ లెక్చరర్, బుర్రకథ చెప్పే నర్సింహులు కలిసి సున్నం, సిమెంటుల రసాయనం గురించి కార్యక్రమం పెట్టారు. దాన్ని గంటలో ముగించే బాధ్యత నాది.

లెక్చరర్ గారు కాల్చిన సున్నపు రాళ్ల మీద నీళ్లు పోయగానే అవి సలసలా కాగాయి. ఆ వేడి ఎందుకు పుడుతుందో ఆయన వివరిస్తే నర్సింహులు పాట కట్టాడు.

"మా అత్త కోపం గూడ గిట్లనే!" అని అతను అనేసరికి అందరూ గొల్లున నవ్వారు.

అప్పుడు సున్నం కలిపే లచ్చమ్మ లేచింది. "సారూ, గా సున్నం కంట్లో పడితే ఏం జెయ్యాలె?"

గడియారం చూశాను. పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. "ప్రశ్నలు ఆఖర్న అడగమ్మా" అన్నాను.

"జర చెప్పనియ్యే అన్నా" అన్నాడు నర్సింహులు. నేను ఒప్పుకోలేదు. కథ ముగిసేసరికి ఆమె వంట చేసుకోవాలని వెళ్లిపోయింది. మేమెవరమూ ఆమెను వెతకలేదు.

తొమ్మిదో రోజు సున్నం చింది ఆమె కుడి కంట్లో పడింది. పక్కవాళ్లు ఆముదం చుక్కలు వేసి, దవాఖానకు తీసుకెళ్లారు. వెంటనే నీళ్లతో కడిగి ఉంటే చూపు దక్కేదేమో అన్నారు డాక్టరు.

ఇంటికొచ్చి, గడియారం ముందు పెట్టుకుని లచ్చమ్మ ప్రశ్నకు జవాబు పైకి చెప్పి చూశాను. "ఆపకుండా నీళ్లతో కడుగుతూ దవాఖానకు పోవాలి."

నాలుగు సెకన్లు పట్టింది.