మొలల వరుస మీద నడక

మొన్న మా మనుమరాలితోని లిఫ్టు ఎక్కితే, రెండంతస్తుల నడుమ అది గడగడ వణికి ఆగిపోయింది. నేను పిల్ల జబ్బ పట్టుకున్న. పిల్ల మనసు వైద్యం చదువుతున్నది గదా, వెంటనే మొదలువెట్టింది: "అమ్మమ్మా, గట్టిగ ఊపిరి తీస్కో. కనవడే అయిదు వస్తువుల పేర్లు చెప్పు." నాకు ఒళ్లు మండింది. ఆ డబ్బాల అయిదు వస్తువులు ఏడికెల్లి తేవాలె? "నువ్వు, నేను, బటన్లు, నీ ఫోను, నా ఖర్మ" అన్న. అంతల లిఫ్టు కదిలింది. తన మందే పనిచేసిందని పిల్ల మురిసిపోయింది. నా మందు వేరే ఉన్నది. అది నేను ఎనభైల మొదట్ల, పంతొమ్మిదేండ్ల వయసుల, బొంబాయి కామాఠిపురల తయారు చేసుకున్నది.

మాది ఫాక్‌లాండ్ రోడ్డు దగ్గర మూడంతస్తుల పాత చాల్, ఒక్కో అర్ర ఒక్కో ఇల్లు. మా ఖోలీ, అదే మా అర్ర, మూడో అంతస్తుల ఈ చివర. నల్లా, సండాసు, మెట్లు ఆ చివర. నడుమ కట్టెపలకల గ్యాలరీ. పొద్దున లేస్తే దాని మీద అందరి చెంబులు, అందరి బకెట్లు, అందరి కొట్లాటలు. ఒక వానకాలం పొద్దున నేను, పక్క ఖోలీ మరాఠీ ముసలామె ఆజీ నీళ్లు పట్టుకొని వస్తున్నం. ఆజీ నాకు రెండడుగుల ముందు, కోడలి మీద ఏదో చాడీ చెప్పుకుంట నడుస్తున్నది. కర్‌ర్‌మని సప్పుడైంది. అంతే, చాడీ ఆగిపోయింది. పలక లేదు, ఆజీ లేదు. నా కాళ్ల ముందట బొంద, దాంట్లకెల్లి కింది వాకిలి కనవడ్తున్నది. ఆజీ బతకలేదు.

వారం తిరగకముందే చాల్ మాలిక్ కొత్త పలకలు కొట్టిచ్చిండు. అందరూ నడిచిన్రు, నేను తప్ప. గడప అవతల కాలు వెడితే కట్టె కిర్రుమనేది, కాలు ఎనుకకు గుంజుకునేదాన్ని. కింద గల్లీల క్రికెట్ ఆడేటోళ్లు వికెట్ పోతే "పడ్లీ రే పడ్లీ!" అని మరాఠీల అరిస్తే, లోపట బియ్యం ఏరుతున్న నేను చాట ఇడిసిపెట్టి గోడకు అతుక్కపోయేదాన్ని. ఏం జేస్త? మరాఠీల పడుడు, తెలుగుల పడుడు ఒక్కతీరే. ఇగ సండాసుకు పోవాల్నంటే వదిన చెయ్యి పట్టుకోవాలె. ఎదిగిన పిల్లను, "వదినా, జర రావా" అని అడుక్కునుడు! వదిన పాపం వచ్చేది, కానీ ప్రతిసారి ఒక నిట్టూర్పు ఇడిసేది. ఆ నిట్టూర్పుకు నాకు చచ్చిపోవాల్ననిపించేది.

సరిగ్గ అప్పుడే కాయితం వచ్చింది. నాగ్‌పాడా దిక్కు ఒక చిన్న తెలుగు బడిల నన్ను టీచరమ్మగ తీసుకున్నరు, నెలలోపట చేరాలె. తట్టలు మోసిన ఇంట్ల ఆడపిల్ల కుర్సీల కూసుండి చేసే మొదటి నౌకరి. అమ్మ దిష్టి తీసింది, ఎల్లమ్మకు మొక్కింది, మెడల తాయెత్తు కట్టింది. చిన్నాయన "కండ్లు మూసుకొని ఒక్క ఉరుకు ఉరుకు" అన్నడు. వచ్చినోళ్లంత ఒకటే మాట: భయపడకు. అరే, భయపడకు అంటే పోయేదైతే నేనే చెప్పుకోనా! ఒకనాడు తాయెత్తు తెంపి గ్యాలరీల ఇసిరికొట్టిన. అది తెచ్చుకునేటందుకు గూడ వదిననే పిలవాల్సొచ్చింది. నెల గడిచింది. నాయన బడికి పోయి, పిల్లకు కామెర్లయినయి అని చెప్పి ఇంకో పది దినాలు అడిగిండు. గ్యాలరీ దాటతలేదని ఎట్ల చెప్తడు?

మా నాయనమ్మ గూడ మాతోనే ఉండేది. పాలమూరు నుంచి వచ్చి, నాయనను నడుముకు కట్టుకొని బొంబాయి బిల్డింగులకు ఇసుక మోసిన మనిషి. నాయన బడికెల్లి తిరిగొచ్చిన దినం తంబాకు ఉమ్మేసి నన్ను గడప కాడికి గుంజింది.

"పలకలల్ల కొట్టిన మొలలు కనవడ్తున్నయా?"

"కనవడ్తున్నయి."

"మొల ఉన్న తాన కింద దూలం ఉంటది. దూలం మీదనే అడుగెయ్యి. నడిమి పలకను నమ్మకు. నేనైతే ఎన్నడు నమ్మలే."

"నీకు భయం గాలేదా, నాయనమ్మా?"

"దినాం అయ్యేది. పని చేపిచ్చే ముకద్దం గాన్ని తిట్టుకుంట ఎక్కేదాన్ని."

అన్ని దినాలల్ల నాకు ఏడ అడుగెయ్యాల్నో చెప్పినామె ఆమె ఒక్కతే. మా ఖోలీ నుంచి మెట్ల దాకా పదిహేడు మొలల వరుసలు. వరుసకొక తిట్టు, అన్నీ మాలిక్‌కే. నీ నోట్ల మన్నువడ, నీ చేతులు ఇరగ, నీకు పుట్టగతులుండవు. "నీ కొంప గూల" అన్నది మాత్రం మానుకున్న, ఆ కొంపలనే మేముంటిమి. మొదటినాడు మూడు వరుసలు. రెండోనాడు రెండే, ఎవరో బకెట్ కిందవడేస్తే ఎనుకకు ఉరికొచ్చి బోరున ఏడ్చిన. తిట్లు అయిపోతే కొత్తయి కావాల్సొచ్చేది, నాయనమ్మ తాన ఊటబావి ఉండె.

పదిహేడు వరుసలు దాటి ఒంటరిగ మెట్లు దిగిననాడు వదిన గూడ నిట్టూర్చలేదు. చీర కుచ్చిళ్లు సవరించుకుంట నడిచి బడికి పోయిన. గడువు దాటి రెండు దినాలైంది. తరగతిల ఇంకొకామె పిల్లలకు గుణింతాలు దిద్దిస్తున్నది. పెద్దసారు మంచి మనిషే, నన్ను కూసోమన్నడు.

"కామెర్లు తగ్గినయా, తల్లీ?"

"తగ్గినయి సార్."

"ఇంక రెండు దినాలు ముందొస్తే బాగుండు."

పదిహేడు వరుసలని చెప్పనా? లేచి నమస్కారం వెట్టి వచ్చేసిన. దారి పొడుగునా పండ్లు కొరుక్కున్న. మెట్లెక్కి, మళ్ల మొదటి మొల వెతుక్కున్న, మళ్ల మొదటి తిట్టు అందుకున్న. రెండేండ్లకు వేరే బడిల నౌకరి దొరికింది, రిటైరయ్యేదాకా చేసిన. సర్వీసు పుస్తకంల గ్యాలరీ దాటనీకి పట్టిన ఆ నలభై దినాలు ఏడా లేవు. నా వయసు నేను లెక్కవెట్టుకునేటప్పుడు మాత్రం వాటిని రెండుసార్లు లెక్కవెడ్త, ఒక్కో దినం రెండు దినాలంత బతికిన గదా.